ఇశ్రాయేలు గారు ఇంటికి చేరని పాట

సంగీతకారులకు సంగీతం గురించి ఏమీ తెలియదు. ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. మా ఎదురింట్లోనే ఒక బ్యాండు ఉంది. తలుపు తీసినప్పుడల్లా చూస్తున్నాను. వాళ్ళకి వాయించడం వచ్చు, అంతవరకే. ఏది వాయించాలో, ఎంతసేపు వాయించాలో, ఎక్కడ ఆపాలో చెప్పడానికి దేవుడు నిర్మాతల్ని పుట్టించాడు. నిర్మాత చెప్పినట్టు జరుగుతోందో లేదో చూడటానికి అభిమానుల్ని పుట్టించాడు. ఈ ఇద్దరూ లేకపోతే మన సంగీతం ఏమైపోయేది? పాపం, ఉత్త సంగీతంగానే మిగిలిపోయేది!

ఇందులో వింతేముంది? మన ఇళ్ళలో వంట ఎలా జరుగుతోంది? వండేది ఒకరు. ఏం వండాలో చెప్పేది ఇంకొకరు. ఒక ఇల్లాలికి ఒక్కసారి పులిహోర బాగా కుదిరిందంటే, ఇక బంధువులందరికీ ఆవిడ పులిహోరావిడే. పొద్దున్నుంచి నిలబడి పనసపొట్టు కూర చేసి పెట్టినా, "అయ్యో, పులిహోర చెయ్యలేదా?" అని అడిగాకే కంచం ముందు కూర్చుంటారు. దీన్ని మనం ఏనాడైనా అన్యాయమన్నామా? ఆదరణ అన్నాం. బ్యాండ్లకు మాత్రం వేరే న్యాయం ఎందుకు?

మా అపార్ట్‌మెంటు మణికొండలో. మా తలుపుకు ఎదురు తలుపు ఇశ్రాయేలు గారిది. ఆయన చాలా ఏళ్ళు ఆఫీసు క్యాబ్ నడిపారు. గచ్చిబౌలి కంపెనీల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళని ఇళ్ళకు చేర్చే పని. ఇప్పుడు మానేశారు. భార్య సువార్తమ్మ గారు గుంటూరు వైపు మనిషి, నర్సుగా చేసి రిటైరయ్యారు. కొడుకు కిరణ్ పాల్ కస్టమర్ కేర్ ఫోన్లకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పని చేస్తాడు, శని ఆదివారాలు గిటారు వాయిస్తాడు. కూతురు కెజియా వయొలిన్. ఆ అమ్మాయి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వదిలేసి వయొలిన్ పట్టుకుంది. మూడోవాడు వాళ్ళ స్నేహితుడు బెన్నీ. డ్రమ్ముని చంటిపిల్లని కట్టుకున్నట్టు బైకు మీద కట్టుకుని లింగంపల్లి నుంచి వస్తాడు. ఈ ముగ్గురి బ్యాండు పేరు ‘మాటల్లేవు’.

పేరుకు తగ్గట్టే పాడేవాళ్ళుండరు. వాయిద్యాలే. ఈ సంగతి చెప్పగానే మా అపార్ట్‌మెంటు వాళ్ళందరూ వరసగా రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి, "మరి పాడేదెవరు?" రెండు, "పెళ్ళిళ్ళకు వస్తారా?"

కెజియా కట్టిన మొదటి పాట ‘నాన్న డ్యూటీ’. మాటలు లేకపోయినా పాట అనే అందాం, ఇంకేమనాలో నాకు తెలియదు. అది మూడు భాగాలు. మొదటి భాగంలో తండ్రి సాయంత్రం బండి తీసి బయల్దేరతాడు. మధ్య భాగంలో రాత్రంతా తిరుగుతాడు. ఇశ్రాయేలు గారు ఏ ఆడపిల్లని ఇంటి ముందు దింపినా, పైన గదిలో లైటు వెలిగేదాకా బండి కదిలించేవారు కాదట. అందుకని అక్కడ వయొలిన్ ఒకే స్వరం మీద ఆగి ఎదురుచూస్తుంది. గిటారు తీగ ఒకటి టింగుమన్నాక కదులుతుంది. చివరి భాగంలో తెల్లవారుతుంది. ఆయన ఇంటికి వస్తాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తాడు. ఆ చెప్పుల చప్పుడు బెన్నీ డ్రమ్ము మీద వేళ్ళతో చేస్తాడు.

వాళ్ళు మొదటిసారి హాల్లో కూర్చుని అదంతా వాయించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చెప్పుల చప్పుడు రాగానే సువార్తమ్మ గారు వంటింట్లోంచి వచ్చి తలుపు తీశారు. బయట ఎవరూ లేరు. ఇశ్రాయేలు గారు సోఫాలోనే ఉన్నారు.

కెజియాకు ఒక్కటే కోరిక. ఆ పాటని మొదట్నుంచి చివరిదాకా, ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు ఒక్కసారి వాయించాలి. ఉద్యోగం మానేసింది అందుకే. చూశారా, ఎంత అమాయకత్వమో! పాటకు చివర ఉంటే చాలు, జనం అక్కడిదాకా వస్తారనుకుంది.

అదృష్టం మరో దారిన వచ్చింది. కిరణ్ పాల్ కంపెనీ వాళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ల వ్యవస్థ తయారు చేస్తున్నారు. కస్టమరు ఎదురుచూస్తున్నంతసేపూ ఏదో ఒక సంగీతం మోగాలి కదా. అది మోగుతోందో లేదో చూడటానికి ఏదో ఒక ఫైలు కావాల్సి వచ్చింది. కిరణ్ పాల్ తన దగ్గరున్న చెల్లెలి పాటలో మొదటి నిమిషమున్నర కత్తిరించి, ఊరికే టెస్టింగ్ కోసం పెట్టాడు. తర్వాత తీసేద్దామనుకున్నాడు. తీసేది వాళ్ళ టీమనుకున్నాడు కిరణ్ పాల్. తీసేది కిరణ్ పాల్ అనుకున్నారు వాళ్ళ టీమువాళ్ళు. టెస్టింగ్ కోసం పెట్టింది అలాగే లైవ్‌లోకి పోయింది.

ఆ సంగతి మొదట కనిపెట్టింది మా ఆయన రామబ్రహ్మం. కంటి ఆపరేషన్ క్లెయిమ్ కోసం ఆయన ఒక పూటంతా ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

"ఏమోయ్, ఇలా రా. ఎదురింటి పిల్ల పాట ఇందులో వస్తోంది" అన్నారు.

స్పీకరు పెట్టాం. ఇశ్రాయేలు గారిని కూడా పిలిచాం. ఫోన్లో ఆయన సాయంత్రం బండి తీశారు, బయల్దేరారు, వీధి మలుపు తిరుగుతున్నారు. అంతలో ఒక ఆడగొంతు, "మీ కాల్ మాకు చాలా ముఖ్యం. దయచేసి లైన్లో ఉండండి" అంది. పాట మళ్ళీ మొదటికొచ్చింది.

"మళ్ళీ బయల్దేరానా?" అన్నారు ఇశ్రాయేలు గారు.

ఆ పూటంతా బయల్దేరుతూనే ఉన్నారు.

ఆలోచించండి. ఏ కచేరీకి ఇంతమంది శ్రోతలుంటారు? ఏ శ్రోత ఇంత ఓపిగ్గా వింటాడు? లేచి వెళ్ళిపోడు, పక్కవాళ్ళతో మాట్లాడడు, ఫోను చూసుకోడు. ఆ ఫోనే చెవి దగ్గర పెట్టుకుని ఉంటాడు! మహా విద్వాంసులకు కూడా దొరకని ఏకాగ్రత మా కెజియాకు ఇన్సూరెన్స్ కంపెనీ సంపాదించి పెట్టింది.

జనం ఆ పాటని వెతకడం మొదలుపెట్టారు. ఎవరో ఫోన్లోంచి రికార్డు చేసి పెట్టిన ఆ నిమిషమున్నర దొరికాక, కింద కామెంట్లు రాశారు. "ఈ పాట వింటే మా నాన్న ఆపరేషన్ గుర్తొస్తుంది." "నేను దీన్ని ఒకే కాల్లో పొద్దున్నుంచి లంచ్ దాకా విన్నాను." "మీరింకా అదృష్టవంతులు, నాకు చివర్లో కట్ అయింది." అభిమానులు ఒకచోట చేరి తమకు ‘హోల్డర్స్’ అని పేరు పెట్టుకున్నారు. ఎక్కువసేపు హోల్డ్‌లో ఉన్నవాళ్ళు సీనియర్లు.

అప్పుడొచ్చారు ఓబులేసు గారు.

ఆయనది అనంతపురం వైపు. కొండాపూర్‌లో అద్దాల ఆఫీసులో కూర్చుని బ్యాండ్లను పైకి తెస్తారు. కార్డు మీద ‘ఓబీ’ అని ఉంటుంది కానీ, పెద్దవాళ్ళు పెట్టిన పేరుని కత్తిరించడం నాకు ఇష్టం లేదు. ఎవరో ఒకరైనా దేన్నో ఒకదాన్ని పూర్తిగా ఉంచాలి కదా. ఆయన సువార్తమ్మ గారి హాల్లో కూర్చుని, ఆవిడ ఇచ్చిన కాఫీ సగం తాగి పక్కన పెట్టి విషయం చెప్పారు.

"చూడమ్మా కెజియా. జనానికి నీ పాట తెలుసు. ఎంత తెలుసు? నిమిషమున్నర తెలుసు. తెలిసింది ఇస్తే చప్పట్లు కొడతారు. తెలియంది ఇస్తే లేసి బయటికి పోతారు."

"వింటే తెలుస్తుంది కదండీ" అంది కెజియా.

"వినాలంటే ముందు తెలిసుండాల గదమ్మా."

ఈ తర్కాన్ని నేను చాలా రోజులు అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా పగులు కనపడలేదు. కిరణ్ పాల్ అప్పటికే తలూపేశాడు. కెజియా మాత్రం, "మరి మిగతా పాట ఎప్పుడు?" అని అడిగింది.

"ఫస్టు జనాన్ని రానీ. తర్వాత అంతా నీ ఇష్టమే."

‘తర్వాత’ అనే మాట చాలా మంచిది. పెళ్ళి చూపుల్లో ఎంతోమంది ఆడపిల్లలకి ఆ మాట మీదే చదువులూ సంగీతాలూ హామీ ఇచ్చారు. కెజియా సంతకం పెట్టింది.

ఓబులేసు గారు పని మొదలుపెట్టారు. ముందు స్టూడియోలో ఆ నిమిషమున్నర పాటని కొత్తగా రికార్డు చేశారు. వయొలిన్ ఎంత బాగా వినిపించిందంటే అభిమానులు గోల చేశారు. "ఒరిజినల్ ఫీల్ పోయింది" అన్నారు. "ఇది మా పాట కాదు" అన్నారు. నిజమే, వాళ్ళు ఎరిగిన పాట ఫోన్లోంచి గరగరమంటూ రేకు మీద గీసినట్టు వస్తుంది. ఓబులేసు గారు వెంటనే తప్పు దిద్దుకున్నారు. అప్పటినుంచి స్టేజి మీద కెజియా వయొలిన్ ముందు ఒక పెట్టెలోకి వెళ్ళి, అక్కడ గొంతు నొక్కించుకుని, ఫోనులాగ మారి బయటికొస్తుంది. ఆ పెట్టె వయొలిన్ కంటే ఖరీదైనదట. మంచి శబ్దాన్ని చెడగొట్టడం మామూలు వస్తువులకు చేతనవుతుందా?

తర్వాత బెన్నీ సమస్య వచ్చింది. ఫోన్లో డ్రమ్ము వినపడదు. కాబట్టి స్టేజి మీద కూడా వినపడకూడదు. అలాగని డ్రమ్ము లేకపోతే బ్యాండులా కనపడదు. ఓబులేసు గారు డ్రమ్ము కర్రలకు గుడ్డ చుట్టించారు.

"గుడ్డ జుట్టి కొడితే ఏం మోగుతదన్నా?" అన్నాడు బెన్నీ.

"మోగొద్దనే గదప్పా చుట్టింది."

"మరి కొట్టుడెందుకు?"

"చూసేదానికి."

"గట్లయితే మా తమ్ముణ్ని కూసోవెడ్త. వానికేం రాదు, మంచిగ కొడ్తడు. నేను జర చాయ్ తాగొస్త."

బెన్నీకి తన అదృష్టం అర్థం కాలేదు. తప్పు వాయించినా ఎవరికీ తెలియని ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది?

కానీ ఓబులేసు గారు తన ప్రతిభంతా చూపించింది వాసంతి గారి విషయంలో. ఫోన్లో "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అన్న గొంతు ఆవిడది. శేరిలింగంపల్లిలో టీచరు. ఎప్పుడో తెలిసినవాళ్ళు అడిగితే వెళ్ళి ఆ రెండు ముక్కలు చదివి వచ్చారు. ఓబులేసు గారు ఆవిణ్ణి వెతికి పట్టుకుని, పట్టుచీర కట్టించి, స్టేజి మధ్యలో మైకు ముందు నిలబెట్టారు. ఆ విధంగా మాటల్లేని బ్యాండుకు మాటలు వచ్చాయి. నిమిషమున్నరకు ఒకసారి ఆవిడ ముందుకు వంగి ఆ రెండు వాక్యాలు అంటారు. జనం ఊగిపోతారు. పోస్టర్ల మీద ఆవిడ బొమ్మ పెద్దది, వయొలిన్ చిన్నది.

"చీర కుచ్చిళ్ళు సర్దుకునేలోపు నా పాత్ర అయిపోతుందండీ. సెల్ఫీలకు మాత్రం గంట పడుతోంది. ఆ అమ్మాయి మొహం చూడాలంటే నాకు సిగ్గుగా ఉంది" అన్నారు ఒకసారి నాతో.

నేను ధైర్యం చెప్పాను. కళ అంటే సిగ్గు విడవడమే అన్నాను.

మీరు హోల్డర్స్‌ని ప్రోగ్రాంలో చూసి ఉండరు. మామూలు అభిమానులు ఫోన్లో లైట్లు వేసి గాల్లో ఊపుతారు. వీళ్ళలా కాదు. పాట మొదలవగానే అందరూ ఒక్కసారిగా ఫోన్లు తీసి చెవుల దగ్గర పెట్టుకుంటారు. తల ఒక పక్కకు వాలుస్తారు. కొందరు రెండో చేత్తో పాలసీ కాగితం పట్టుకున్నట్టు కూడా నటిస్తారు. ఎదురుగా స్టేజి మీద వాయిస్తున్న పాటని, అక్కడ మోగని ఫోన్లో వింటారు. పచ్చికలో అలా వందలమంది మెడలు వంచి నిలబడితే, చూడటానికి కన్నులపండుగగా ఉంటుంది.

అంత పండగ వాతావరణాన్ని కెజియా ఒకరోజు పాడుచేసింది. ఒక ఆఫీసు క్యాంపస్‌లో వాయిస్తూ, నిమిషమున్నర దగ్గర ఆగలేదు. ముందుకు వెళ్ళింది. వీధి మలుపు తిరిగి మెయిన్ రోడ్డెక్కింది. జనం చెవుల మీంచి ఫోన్లు తీసి, వాటివైపు చూసుకున్నారు. "లైన్ కట్టయినట్టుంది" అన్నారెవరో. ఓబులేసు గారు పక్కనుంచి చెయ్యూపారు. సౌండు తగ్గింది. వాసంతి గారు తల దించుకుని, "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అన్నారు. జనం ఊపిరి పీల్చుకుని ఈలలు వేశారు. కెజియా మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

అప్పటికీ ఆ సాయంత్రం అభిమానుల గ్రూపులో పెద్ద చర్చే జరిగింది. "ఫేమస్ అయ్యాక మారిపోయారు" అని ఒకరు. "మా ఎమోషన్స్‌తో ఆడుకునే హక్కు మీకెవరిచ్చారు?" అని ఇంకొకరు. సమంజసమైన ప్రశ్న. పాట కట్టినంత మాత్రాన అది ఎలా ముగుస్తుందో చెప్పే హక్కు వచ్చేస్తుందా?

మర్నాడు నేను ఎదురింటికి పెరుగు తోడుకి వెళ్ళాను. కెజియా కంచం ముందు కూర్చుని ఉంది, తినడం లేదు.

"అమ్మా, నాన్నని ఇంటికి తీసుకురాలేకపోతున్నా" అంది.

"ఎక్కడినుంచి తెస్తావే? ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. నువ్వు అన్నం తిను" అన్నారు సువార్తమ్మ గారు.

"ఇంకొక్క ప్రోగ్రాం చూస్తా. అందులో కూడా పూర్తిగా వాయించనివ్వకపోతే మళ్ళీ టెస్టింగ్‌లోకి పోతా. అక్కడ మొదలుపెట్టిన టెస్టు చివరిదాకా రన్ చేస్తారు."

సువార్తమ్మ గారు నావైపు చూశారు. నేను పెరుగు గిన్నెలోకి చూశాను.

ఆ ఒక్క ప్రోగ్రాం హైటెక్ సిటీలో ఒక కంపెనీలో వచ్చింది. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా ఈపాటికి మారి ఉంటుంది. ఆ రోజు వాళ్ళు కొంతమంది ఉద్యోగుల్ని తీసేస్తున్నారు. ఒక్కొక్కర్నీ అద్దాల గదిలోకి పిలిచి చెప్పాలి. పిలుపు వచ్చేదాకా మిగతావాళ్ళు లాబీలో కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళ మనసు తేలికపడేలా సంగీతం ఉంటే బాగుంటుందని ఎవరికో తోచింది.

"ఎదురుచూసే జనంతో మనకున్నంత ఎక్స్‌పీరియన్స్ ఇంకెవరికుంది?" అన్నారు ఓబులేసు గారు. ఒప్పుకోవాల్సిన మాటే.

నేను సువార్తమ్మ గారికి తోడు వెళ్ళాను. పిల్లలకి అన్నం క్యారియర్ తీసుకుని వచ్చారావిడ. మేం లాబీలో ఒక మూల కూర్చున్నాం. వెనకటికి ఉద్యోగం పోయిందంటే కాగితం ఇచ్చేవారు. తర్వాత మెయిల్ పంపేవారు. ఇప్పుడు వయొలిన్ వాయిస్తున్నారు. దేశం ముందుకు పోవడం లేదని ఎవరన్నారు?

పింకీ అని హెచ్.ఆర్. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తోంది. ఇరవై ఐదేళ్ళు కూడా ఉండవు. ప్రతి పేరు తర్వాత "ప్లీజ్" అంటోంది. పిలిచినవాళ్ళు లేచి వెళ్తున్నారు. కాసేపటికి మెడలో కార్డు లేకుండా, చేతిలో అట్టపెట్టెతో బయటికి వస్తున్నారు. ఇక్కడ ‘నాన్న డ్యూటీ’ మొదలవుతోంది, వాసంతి గారు ఆ రెండు వాక్యాలు అంటున్నారు, మళ్ళీ మొదలవుతోంది. కూర్చున్నవాళ్ళలో ఒకాయన అలవాటు కొద్దీ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అంతలోనే గుర్తొచ్చి దించేశాడు.

ఓబులేసు గారు ఏదో ఫోనొస్తే బయటికి వెళ్ళారు.

ఆ సమయంలో భూలక్ష్మి అనే ఆవిడ గదిలోంచి వచ్చింది. పేరు పింకీ పిలిచినప్పుడు విన్నాను. నలభై దగ్గర ఉంటాయి. అట్టపెట్టెలో నీళ్ళ సీసా, ఒక చిన్న మొక్క. బయటి తలుపు వైపు వెళ్ళలేదు. తిన్నగా వచ్చి బ్యాండు ముందు కుర్చీలో కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకుంది.

"మేడం, ఎగ్జిట్ అటువైపు" అంది పింకీ.

"ఎరుకే. తొమ్మిదేండ్ల సంది అట్లనే పోతున్న." తర్వాత కెజియాతో అంది. "చెల్లె, గీ పాట నేను మస్తు సార్ల విన్న. దీని తర్వాత ఏముంటదో ఎన్నడు వినలె. ఎప్పుడు సూడు, మల్ల మొదటికే వస్తది, లేకుంటె ఎవరో ఒకరు ఫోనెత్తుతరు. ఇయ్యాల నన్ను పిలిచేటోళ్ళు ఎవ్వరు లేరు. వాయించు, ఇనిపోత."

కెజియా అన్నవైపు చూసింది. కిరణ్ పాల్ అద్దాల గది వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, చివరికి గిటారు వైపు చూసుకున్నాడు. బెన్నీ కర్రలకున్న గుడ్డలు విప్పుతున్నాడు. కెజియా వంగి ఆ ఖరీదైన పెట్టెలోంచి వైరు పీకేసింది.

వయొలిన్ మొదలైంది. నిమిషమున్నర అయ్యేసరికి వాసంతి గారి వంతు వచ్చింది. ఆవిడ మైకు చేతిలోకి తీసుకున్నారు. తీసుకుని, కుర్చీలో పెట్టి, వచ్చి భూలక్ష్మి పక్కన కూర్చున్నారు.

"ఆ తర్వాతేముందో నేనూ వినలేదమ్మా" అన్నారు.

పాట మెయిన్ రోడ్డెక్కింది. ఫ్లైఓవర్ దాటింది. ఒక ఇంటి ముందు ఆగింది. వయొలిన్ ఒక్క స్వరం మీద నిలబడి, పై గదిలో లైటు కోసం చూస్తోంది. సరిగ్గా అప్పుడే పింకీ ఒక పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది.

"ఒక్క నిమిషం మేడం, లైన్లో ఉండండి" అన్నాడు ఆ పేరుగల కుర్రవాడు.

ఎవరూ నవ్వలేదు. పింకీ తలుపుకు ఆనుకుని నిలబడింది. గిటారు తీగ టింగుమంది. బండి కదిలింది. ఇంకో ఇల్లు. ఇంకో లైటు. అద్దాల గదిలోంచి పెద్దాయన ఒకరు తొంగిచూసి, అందరూ కూర్చునే ఉండటం చూసి లోపలికి వెళ్ళిపోయాడు. తెల్లవారింది. బెన్నీ రెండు చేతుల వేళ్ళతో చెప్పులు విడిచాడు. నా పక్కన సువార్తమ్మ గారు క్యారియర్ మూత తీశారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భూలక్ష్మి ఒళ్ళో పెట్టెలోని మొక్కని సర్దింది.

"ఎవరో మంచిగ ఇంటికి జేరినట్టున్నది" అంది. పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కథ ఇక్కడ ఆగిపోతే, నిర్మాతలు లేకుండా సంగీతం బతుకుతుందని మీరు పొరబడే ప్రమాదం ఉంది. ఆగలేదు. ఓబులేసు గారు ఫోను ముగించుకుని లోపలికి వచ్చేసరికి చివరి భాగం నడుస్తోంది. ఆయన ఒక చేత్తో ఆపమని సైగ చేస్తూ, అలవాటు కొద్దీ రెండో చేత్తో వీడియో తీశారు. వాయిస్తున్న కెజియా, వెనక అట్టపెట్టెలు పట్టుకున్న మనుషులు. అది బయటికి వచ్చాక మూడు రోజులు రాష్ట్రమంతా ఏడ్చింది.

ఓబులేసు గారికి ఆలస్యంగానైనా కళ్ళు తెరుచుకున్నాయి. పాటలో అసలైనది ముగింపేనని మొట్టమొదట కనిపెట్టింది తనేనని ఇప్పుడు ఇంటర్వ్యూల్లో చెబుతున్నారు. అప్పటినుంచి ‘మాటల్లేవు’ ఎక్కడ వాయించినా ముగింపు ఒక్కటే వాయిస్తుంది. మొదటి భాగం నిషేధం. అది పాతబడిపోయిందట. ఎక్కడైనా పొరపాటున ఎత్తుకుంటే, "ముగింపు, ముగింపు" అని అరుస్తారు. హోల్డర్స్ పేరు మార్చుకున్నారు. ఫోన్లు చెవుల దగ్గర పెట్టుకోవడం మానేసి, చెప్పుల చప్పుడు దగ్గర అందరూ కలిసి చెప్పులు విడుస్తున్నారు. ప్రోగ్రాం అయ్యాక ఎవరి జత వారికి దొరకడం లేదు. మొదటి స్వరానికే కళ్ళు తుడుచుకోవడం మొదలుపెడతారు. ఎందుకు ఏడుస్తున్నారో ముందే తెలుసు కాబట్టి వృథాగా ఎదురుచూడక్కర్లేదు. వాసంతి గారికి మాత్రం సెలవు దొరికింది. నెమ్మదిగా పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నారు.

"ఇంతకుముందు వెళ్తూనే ఉండేవాణ్ణి. ఇప్పుడు వస్తూనే ఉన్నాను. ఎక్కడికెళ్ళి వస్తున్నానో ఎవడూ అడగడు" అన్నారు ఇశ్రాయేలు గారు.

కెజియా టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, "మధ్యది ఇంకా మిగిలే ఉంది ఆంటీ" అంది. ఆదివారం మధ్యాహ్నాలు ముగ్గురూ హాల్లో తలుపులేసుకుని ఆ మధ్య భాగం వాయించుకుంటారు. దాన్ని ఆ లాబీలో ఉన్నవాళ్ళు తప్ప బయటివాళ్ళెవరూ వినలేదు. వాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడున్నారో తెలియదు.

పోయిన ఆదివారం ఓబులేసు గారు వచ్చారు. ఎదురింటి బెల్లు ఎంత నొక్కినా వాయిద్యాల చప్పుడులో వాళ్ళకి వినపడలేదు. నేను తలుపు తీశాను. మీ గురించి పత్రికలో రాస్తున్నానండీ అన్నాను. సంతోషించారు.

"మొదటి పేరా వాట్సాప్ చేయండి మేడం, చాలు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "మీరు ఎదురింట్లోనే ఉంటారు గదా. మొదలు అయిపోయింది, ముగింపు నడుస్తా ఉంది. ఇంకో ఏడాదికి అది కూడా పాతది అవుతుంది. ఈ పాట మధ్యలో ఏమన్నా ఉందా? క్లిప్పు మాదిరి కట్ చేసుకునేది?"

"మధ్యలో ఏముంటుంది ఓబులేసు గారూ? డ్యూటీకి వెళ్ళాడు, వచ్చాడు. అంతే" అన్నాను.

"అదే అనుకుంటి. మధ్యలో ఎవరికీ ఏమీ ఉండదు. టైం సేవ్ చేసినారు మేడం."

ఆయన నమస్కారం పెట్టి లిఫ్టు ఎక్కారు. లిఫ్టు కిందికి దిగిపోయేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అభిమానులన్నాక ఆ మాత్రం కాపలా ఉండాలి కదా.